కోచ్ గారు తిరిగి పుచ్చుకోని కప్పు

మా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ గారు పోయారన్న కబురు నాకు పొందూరు వెళ్ళే బస్సులో తెలిసింది. ఆదివారం పూట. నా ఒళ్ళో పాత దుప్పట్లో చుట్టిన కప్పు ఒకటి ఉంది. పోటీల్లో గెలిచిన కప్పు, నేల మీద నిలబెడితే నా నడుం దాకా వస్తుంది. దాన్ని పొందూరు దగ్గర ఉన్న ఆయన ఊరికి తీసుకెళ్ళి, ఆయన చేతిలో పెట్టి, "ఇదిగోండి మీ కప్పు, ఇకనైనా నన్ను వదిలేయండి" అని చెప్పి, తిరుగు బస్సుకే ఇంటికి వచ్చేయాలని బయల్దేరాను. సగం దారిలో ఫోను మోగింది. ఒకప్పటి మా గోల్‌కీపరు పైడితల్లి. "మేడమ్, సారు పోనారు," అంది. పొద్దున్నే గ్రౌండుకి బయల్దేరుతూ, ఇంటి అరుగు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, అలాగే పక్కకి ఒరిగిపోయారట.

నిజం చెప్పాలంటే మొదట నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే. ఏదైనా గట్టిగా తేల్చుకుందామని వెళ్తే చేతికి చిక్కరు. గ్రౌండులో ఉన్నారంటారు, గ్రౌండుకి వెళ్తే ఎవరో పిల్ల ఇంటికి వెళ్ళారంటారు, ఆ ఇంటికి ఫోను చేస్తే భోంచేసి ఇప్పుడే బయల్దేరారంటారు. ఈసారి ఆదివారం కదా, ఇంట్లోనే ఉంటారు, తప్పించుకోలేరు అనుకున్నాను. తప్పించుకున్నారు.

నేను కామర్స్ చెబుతాను. బంతికీ నాకూ ఏ సంబంధమూ లేదు. కానీ ఆడపిల్లల జట్టు ఊరు దాటి ఆటకి వెళ్ళాలంటే వెంట ఒక లేడీ లెక్చరర్ ఉండి తీరాలని రాజాంలోని మా మహిళా డిగ్రీ కాలేజీలో నియమం. లేడీ లెక్చరర్ కదలకపోతే జట్టు కదలదు. ఆయన చేరిన కొత్తలో ఈ పనికి ఎవరూ ముందుకు రాలేదు. ఒకరికి చంటిపిల్ల, ఒకరికి అత్తగారి మోకాళ్ళు, ఒకరికి బస్సు పడదు. నాకు చెప్పుకోడానికి ఏ కారణమూ దొరకలేదు, అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. ఆయన స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి ఈల తాడు వేలికి చుట్టుకుంటూ, "ఈ ఒక్కపాలికి రండి మేడమ్," అన్నారు. ఆ ఒక్కపాలి నా పెళ్ళినీ, నా ఇద్దరు పిల్లల్నీ, నా బి.పి. మాత్రల్నీ దాటుకుని పోయిన ఏడాది దాకా వచ్చింది.

ఆయనతో ప్రయాణం ఎలా ఉండేదో చెబితే మీరు నమ్మరు. బండి ఎన్నింటికో చెప్పరు. అడిగితే, "గుంటలంతా వచ్చీసినాక బండి వస్తాది మేడమ్," అనేవారు. గుంటలంటే ఆయన భాషలో ఆడపిల్లలు. బండి మా కోసం ఆగినట్టు. విజయనగరం స్టేషన్లో ఆ పిల్లల్నీ, వాళ్ళ సంచుల్నీ, చోడి అంబలి క్యానునీ కదులుతున్న పాసింజరులోకి తోసిన పాపం నాది. అవును, అంబలి క్యాను. అవతలి జట్లకి గ్లూకోజు నీళ్ళు, నారింజ తొనలు. మా పిల్లలకి సగం ఆటలో స్టీలు గ్లాసుల్లో చోడి అంబలి, అంటే రాగి జావ, నంజుకోడానికి ఉల్లిపాయ. పెద్ద పెద్ద కాలేజీల వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవారు. నాకు సిగ్గేసేది. ఆయనకి వేస్తేగా. పైగా అవతలి కోచ్‌కి కూడా ఒక గ్లాసు పట్టుకెళ్ళి ఇచ్చేవారు.

ఎక్కడికి వెళ్ళినా దూరం ఎంత అని అడిగితే "దగ్గిరే మేడమ్" అనేవారు. ఆ దగ్గిరే అన్న మాట నమ్మి నేను అరిగించిన చెప్పులు ఎన్నో.

ఆట మొదలయ్యాక ఇంకో తంతు. ఏ కోచ్ అయినా ఆటని చూస్తాడు. మా కోచ్ గారు ఆట చివరికి వచ్చేసరికి, ఇక గెలుపో ఓటమో తేలిపోయే సమయంలో, గ్రౌండుకి వీపు పెట్టి, పక్కన బెంచీ మీద కూర్చున్న పిల్లల వైపు తిరిగి కూర్చునేవారు. మొదటిసారి చూసి ఈయనకి మతి పోయిందేమో అనుకున్నాను. ఇదేం కోచింగండీ అని అడిగేశాను కూడా. "ఆడీవోలకి ఇప్పుడు నా మొకం ఏటికి మేడమ్? ఆలు సూడరు. కూకున్నోలకి కావాల," అన్నారు. అలా అని ఊరుకుంటే బాగానే ఉండేది. "ఏటవుతన్నాది మేడమ్, సెప్పండి" అని నన్ను అడిగేవారు. కామర్స్ లెక్చరర్ని, నేను ఆయనకి ఆట చెప్పాలి. బంతి ఎక్కడుందో, ఎవరి కాలికి ఉందో, రిఫరీ ఎందుకు ఈల వేశాడో. చెప్పడం రాకపోతే బెంచీ మీది పిల్లలు నన్ను చూసి నవ్వేవారు. ఆ కోపంతో నేను ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నేర్చుకున్నాను. మా ఆయనకి ఈ మాట చెబితే ఇప్పటికీ నమ్మడు.

మా జట్టు మొదటి ఏడాది ఎంత ఘోరంగా ఓడిపోయిందో నేను చెప్పను, అవతలి వాళ్ళే గోల్స్ కొట్టి కొట్టి అలిసిపోయారు. పిల్లలు చున్నీలు అడ్డంగా బిగించి కట్టుకుని ఆడేవారు. మా గ్రౌండు అని పేరే గానీ, కోతలు అయ్యాక చుట్టుపక్కల రైతులు వడ్లు తెచ్చి అక్కడే ఆరబోసేవారు. ఏ కాలేజీలోనైనా కోచ్ వెళ్ళి పోట్లాడతాడు. ఈయన వాళ్ళతో బావా, మావా అని వరసలు కలిపి, వడ్ల రాశుల మధ్య సందుల్లోంచి బంతిని నడపమని పిల్లలకి చెప్పేవారు. రాశికి తగిలితే ఆ పిల్లే చేట పట్టుకుని సర్దాలి. రైతులు కూడా కూర్చుని చూసేవారు. ఆ తర్వాత ఏళ్ళలో మా పిల్లలు యూనివర్సిటీ పోటీల్లో కప్పు మీద కప్పు కొట్టారు. యూనివర్సిటీ జట్టులోకి, రాష్ట్ర జట్టులోకి వెళ్ళారు. కొందరికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలు వచ్చాయి. అంతా ఆయన గొప్పతనం అని పేపర్ల వాళ్ళు వస్తే, ఫోటోకి కూడా దొరకలేదాయన.

ఓడిపోయిన రోజున ఆయనకో పద్ధతి ఉండేది. ఎవరి తప్పు వల్ల ఓడామో ఆ పిల్లని తిట్టడం ఉండదు, ఓదార్చడం కూడా ఉండదు. తిరుగు బస్సులో ఆ పిల్లకి కిటికీ పక్క సీటు. అంతే. "ఓడిపోయినోల్ని కిటికీ కాడ కూకోబెట్టండి మేడమ్. గాలి తగుల్తాది, మొకం అటు తిప్పుకోడానికీ ఉంటాది," అనేవారు. కిటికీ పక్క సీటంటే నాకు చాలా ఇష్టం. ఇన్నేళ్ళలో జట్టుతో వెళ్ళిన ఏ ప్రయాణంలోనూ నాకు అది దక్కలేదు. ఎవరో ఒక పిల్ల ఎప్పుడూ ఓడిపోయి ఉండేది. గెలిచిన రోజున కూడా బెంచీ మీదే ఉండిపోయిన పిల్లకి ఇచ్చేవారు.

ఇక కప్పుల సంగతి. దాని కోసమే ఇదంతా చెబుతున్నాను.

గెలిచిన కప్పు తెచ్చి కాలేజీలో పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. ఆయన తెచ్చేవారు కాదు. బస్సు దిగి తిన్నగా ఒక పిల్ల ఇంటికి పట్టుకెళ్ళేవారు. బాగా ఆడిన పిల్ల ఇంటికి అనుకుంటారేమో, కాదు. ఏ ఇంట్లో "ఆటలు ఇంక చాలు" అన్న మాట మొదలైందో ఆ ఇంటికి. పిల్ల మొహం చూసి ఆయన కనిపెట్టేసేవారు. వెళ్ళి, మంచం మీద కూర్చుని, పెట్టింది తిని, ఇంట్లోకి రాగానే అందరికీ కనబడే చోట కప్పుని పెట్టేవారు. అప్పుడు ఆ పిల్ల తండ్రితో చెప్పేవారు. "బావా, ఇది కాలేజీది. పిల్ల ఆడినన్నాళ్ళూ నీ ఇంట్లో ఉంటాది. పంపనన్న రోజున నువ్వే నీ సేతుల్తో, పగటిపూట బస్సులో పట్టుకొచ్చి నాకు అప్పగించీ. ఇంకెవుల సేతా పంపకు."

తండ్రులు దానికేముంది అని తల ఊపేసేవారు. చిక్కు తర్వాత తెలిసేది. ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. చుట్టాలు వస్తే దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకునేవారు. ఇక పిల్లని మానిపించాలంటే అంత పొడుగు కప్పు భుజాన పెట్టుకుని పట్టపగలు బస్సెక్కాలి. జనం ఊరుకుంటారా? ఏమిటిది, ఎవరు గెలిచారు అని అడుగుతారు. మా అమ్మాయే అనాలి. మరి ఎందుకు తిరిగిచ్చేస్తున్నావు అని అడుగుతారు. దానికి జవాబు ఏ తండ్రి దగ్గరా ఉండేది కాదు. నేను ఎరిగినంతలో ఒక్క కప్పు కూడా అలా వెనక్కి రాలేదు.

ఇది మోసం కాదా అని నేను ఆయన్ని నిలదీశాను. నయాన చెప్పి ఒప్పించాలి గానీ మనుషుల్ని ఇలా ఇరికించడం ఏమిటని. ఆయన నొచ్చుకోలేదు. "ఒప్పిస్తే మాట ఇస్తారు మేడమ్. మాట మర్సిపోతారు. కప్పుని మర్సిపోడానికి అవదు, ఇంట్లో అడ్డంగా ఉంటాది గదా," అన్నారు.

ఒక ఏడాది మా కాలేజీకి గ్రేడు ఇవ్వడానికి తనిఖీ బృందం వస్తోందన్నారు. క్రీడల గురించి రిపోర్టులో గొప్పగా రాసింది నేనే. ప్రిన్సిపాల్ గారి గదిలో అద్దాల బీరువాలో చూస్తే ఒక క్యారమ్స్ షీల్డు, ముగ్గుల పోటీ కప్పు ఒకటీ ఉన్నాయి. ఇన్నిసార్లు గెలిచిన కాలేజీ బీరువా అది. కప్పులేవయ్యా అని ప్రిన్సిపాల్ గారు అడిగితే, ఇళ్ళల్లో ఉన్నాయి సార్ అని చెప్పి, మా కోచ్ గారు విశాఖపట్నంలో ఏదో క్యాంపుకి వెళ్ళిపోయారు. ఆ సమాధానం విన్న ప్రిన్సిపాల్ గారి మొహం నేను చూశాను. కాలేజీ వ్యాను ఇచ్చి ఆఫీసు సూపరింటెండెంటు గారిని పంపించారు. ఆయన చాలా పద్ధతైన మనిషి. ఊరూరా తిరిగి, ఇంటింటా నమస్కారం పెట్టి, కప్పులన్నీ పట్టుకొచ్చేశారు. ఒకదాన్లో పసుపుకొమ్ములు, ఇంకోదాన్లో కోడిగుడ్లు ఉంటే అవి తీయించి మరీ తెచ్చారు. తుడిచి పేర్చేసరికి బీరువా కళకళలాడింది. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను.

కోచ్ గారు క్యాంపు నుంచి వచ్చి, బీరువా చూసి, పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు. ఆయన మొహం అలా వాడిపోవడం నేను అదే మొదటిసారి చూడటం. "ఎంత పని సేసీసినారు మేడమ్," అన్నారు. నేను చేయలేదని, సూపరింటెండెంటు గారు చేశారని చెప్పాను. ఎవరు చేస్తే ఏమిటని, ఆ తండ్రులు బస్సెక్కక్కర్లేకుండా మనమే తీర్చేశామని ఆయన గొణుక్కున్నారు.

మిగతా ఇళ్ళల్లో ఏమీ కాలేదు. పైడితల్లి ఇంట్లో అయింది. చీపురుపల్లి వైపు పల్లె వాళ్ళది. అప్పటికి రెండో ఏడాది చదువుతోంది, మా గోల్‌కీపరు. ఆ పిల్ల అక్కకి పురుడు వచ్చి శృంగవరపుకోటలో ఉంటే, చంటిపిల్లని చూసుకోడానికి చెల్లెల్ని పంపేయాలని తండ్రి ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. ఇంట్లో కప్పు అడ్డం. వ్యాను వచ్చి కప్పు తీసుకుపోయిన మర్నాడే పిల్లని కోట బస్సెక్కించేశాడు. ఆటే కాదు, చదువు కూడా సరి. ఇంకో వారంలో యూనివర్సిటీ పోటీలు. వేరే పిల్లని గోల్లో పెట్టుకుందాం లెండి అని నేను అన్నాను. "గోల్లో ఇంకో గుంటని నిలబెట్టీగలను మేడమ్. ఈ గుంట ఇప్పుడు రాకపోతే మరి రాదు," అన్నారాయన.

తెల్లారితే తనిఖీ. ఆ రోజు మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు భోజనానికి వెళ్ళిన సమయం చూసి, కోచ్ గారు అటెండరు చేత బీరువా తీయించి, అన్నిట్లోకీ పెద్ద కప్పు బయటికి తీశారు. అదే కావాలా, చిన్నది ఏదైనా తీసుకోకూడదా అని నేను మొత్తుకున్నాను. ఆ ఇంటిది ఇదే అన్నారు. ఆడపిల్ల విషయం కాబట్టి లేడీ లెక్చరర్ రావాలన్నారు. తలప్రాణం తోకకొచ్చి నేను కూడా బయల్దేరాను.

బస్సు కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళ సీట్లో నాకు చోటు దొరికింది, దాంతో కప్పు నా ఒళ్ళోకి వచ్చింది. ఆయన వెనక ఎక్కడో కడ్డీ పట్టుకుని, నిలబడే కళ్ళు మూసుకున్నారు. కండక్టరు వచ్చి దీనికి కూడా టిక్కెట్టు కొట్టాలా అని నవ్వాడు. పక్కన వంకాయల బుట్టతో కూర్చున్న ముసలమ్మ కప్పుని నిమిరి చూసింది. "ఏటి గెలిసినావమ్మా?" అంది. నేను కాదు, మా పిల్లలు అన్నాను. ఏ ఆట అంది. ఫుట్‌బాల్ అన్నాను. ఆడపిల్లలా, కాళ్ళతోనా అంది. అవునన్నాను. ముందు సీటు వాళ్ళు కూడా తిరిగి చూశారు. మరి ఎక్కడికి పట్టుకుపోతున్నావు అంది. ఇంతమందిలో ఏం చెప్పను? చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఒక పిల్ల బాగా ఆడుతుంది, వాళ్ళ నాన్న మానిపించేశాడు, అందుకని వెళ్తున్నాం అని. ఇక చూడండి, బస్సు రెండు ముక్కలైంది. అక్క పురుడు చూడొద్దా అని కొందరు, చదువుకునే పిల్లే దొరికిందా అని కొందరు. నేను లేచి నిలబడి, కప్పు సీటు మీద పెట్టి, ఎవరితోనో గట్టిగా వాదించాను. క్లాసులో కూడా నేనంత గొంతెత్తి మాట్లాడను. దిగాక ఒళ్ళంతా చెమటలు. ఆ తండ్రులు ఈ బస్సుకి ఎందుకు అంత భయపడేవారో నాకు అప్పుడు తెలిసింది. నిద్రపోయిన పెద్దమనిషి వెనకే దిగి, "మీకు సెప్పడం బాగా వచ్చినాది మేడమ్," అన్నారు. ఒక్క క్షణం ఆ కప్పు ఆయన నెత్తిన వేద్దామా అనిపించింది.

పైడితల్లి తండ్రి పెరట్లో ఆవుకి గడ్డి వేస్తున్నాడు. మమ్మల్ని, కప్పుని చూసి ఆగిపోయాడు. మర్యాదగానే మంచం వాల్చాడు. కూర్చున్నాక, "మీరే వచ్చి పట్టుకుపోనారు గదా సారూ. ఇంక మాటేటి ఉన్నాది?" అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. నేను చదువు విలువ గురించి ఏదో మొదలుపెట్టబోయాను. కోచ్ గారు చేత్తో నన్ను ఆపారు.

"తప్పు మాదే బావా," అన్నారు. "నువ్వు తేవాల్సింది మేం పట్టుకుపోనాం. అందికే మల్లీ పెట్టీసి పోతన్నాం. నీకు ఇష్టం నేకపోతే నువ్వే తే. నాను గ్రౌండులోనే ఉంటాను."

అంతే. బతిమాలడం లేదు, వాదన లేదు. కప్పుని పాత చోటే, టీవీ పక్కన పెట్టారు. అప్పుడు లోపల్నుంచి పైడితల్లి తల్లి వచ్చింది. చేతిలో ఒక గుడ్డ సంచి ఉంది. కప్పు మీద దుమ్ము పడకుండా పాత చీర ముక్కతో ఆవిడ కుట్టిన తొడుగు అది. వ్యాను వాళ్ళు తొడుగు వదిలేసి కప్పు మాత్రం పట్టుకుపోయారట. ఆవిడ తొడుగుని కప్పు మీంచి కిందికి లాగి, చెవుల దగ్గర సర్ది, మొగుడి వైపు తిరిగింది. "పెద్దదాని కాడికి నాను ఎల్తాను. గుంటని రమ్మను," అంది. తండ్రి లేచి వెళ్ళి కోటకి ఫోను చేశాడు.

ఇంత చేస్తే ఆ పోటీల్లో మేము గెలిచామా? లేదు. పైడితల్లి చేతుల్లోంచే బంతులు జారిపోయాయి, వారం రోజులు చంటిపిల్లని ఎత్తుకున్న చేతులు మరి. నాకు ఏడుపొచ్చింది. ఆ కప్పు కోసం బస్సులో నేను పడ్డ పాట్లు ఇందుకా అనిపించింది. అక్కడ ప్రిన్సిపాల్ గారు బీరువాలో ఖాళీ గురించి నన్ను పిలిచి చివాట్లు పెట్టారు, కోచ్ గారు మళ్ళీ దొరకలేదు కాబట్టి. తిరుగు బస్సులో పైడితల్లి కిటికీ పక్కన కూర్చుని రాజాం దాకా అటే చూసింది. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు గ్రౌండులో ఉంది. ఆఖరి ఏడాదిలో ఆ పిల్ల గోల్లో ఉండగా మేము కప్పు కొట్టాం. ఇప్పుడు ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేస్తోంది. దాని స్కూలు పిల్లలు గెలిచిన కప్పులు స్కూల్లో ఉండవని నేను వేరే చెప్పక్కర్లేదు.

నా సంగతి. ప్రతి ఏడాదీ చివర్లో ఇదే ఆఖరు, ఇక నేను రాను అని చెప్పడం నాకు అలవాటు. ఎవరూ పట్టించుకునేవారు కాదు. పోయిన ఏడాది గెలిచి వచ్చాక సన్మాన సభలో మైకులోనే చెప్పేశాను. నిజంగానే చెప్పాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, పాసింజరు రైళ్ళు ఎక్కే ఓపిక లేదు, కొత్తగా చేరిన అమ్మాయిలు ఉన్నారు, వాళ్ళు వెళ్తారు. వాళ్ళకి చంటిపిల్లలూ అత్తగార్లూ ఉన్నారన్న సంగతి నాకు తెలియక కాదు. సభలో అందరూ నవ్వారు. కోచ్ గారు నవ్వలేదు.

ఓ వారం పోయాక రాజాంలో మా ఇంటికి వచ్చారు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు పిలిచినా రాని మనిషి. నేను పొంగిపోయి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. ఆయన మా ఆయన్ని బావా అని పిలుస్తూ కబుర్లు చెప్పి, టీ తాగి, మెట్లు దిగిపోయారు. అప్పుడు చూశాను, హాల్లో ఫ్రిజ్ మీద కప్పు. గుమ్మం బయట ఉంచి, నేను లోపలికి వెళ్ళగానే తెచ్చి పెట్టారట. పరుగెత్తుకెళ్ళి కిటికీలోంచి పిలిస్తే, వెనక్కి తిరక్కుండా చెయ్యి ఊపారు. ఏమన్నారని మా ఆయన్ని అడిగితే, "ఏదో కాలేజీది, మీ ఇంట్లో ఉంచుతున్నాను అన్నారు, నేను సరే అన్నాను," అన్నాడు ఆ మహానుభావుడు.

ఏడాది పొడుగునా అది నా ప్రాణం తీసింది. ఫ్రిజ్ మోటారు ఆడినప్పుడల్లా దాని మూత గలగలమనేది. వంటింట్లో ఉన్నా వినపడేది, వార్తలు చూస్తున్నా వినపడేది. అటక మీద పడేద్దామని మా ఆయన అంటే నాకు చెయ్యి రాలేదు. ఈ ఏడాది పోటీలు దగ్గరపడ్డాయి. కొత్త అమ్మాయిలు ఎవరూ రామన్నారు. ప్రిన్సిపాల్ గారు మీరైనా వెళ్ళండి, లేదా జట్టు ఈసారి ఉండదని రాసిచ్చేస్తాను అన్నారు. నేను మాత్రం ఎందుకు వెళ్ళాలి? తన పద్ధతి ప్రకారమే, నా చేతులతో, పట్టపగలు, బస్సులో పట్టుకెళ్ళి ఇచ్చేస్తే ఆయనకి అనడానికి ఏమీ ఉండదనుకున్నాను. అలా బయల్దేరిన బస్సులోనే ఆ ఫోను వచ్చింది.

చావింటికి దుప్పట్లో కప్పు చుట్టుకుని వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. దార్లో దిగి దాన్ని ఎక్కడ పెట్టను? వాకిలి నిండా ఆడపిల్లలు. ఇప్పుడు ఆడుతున్నవాళ్ళు, ఎప్పుడో ఆడినవాళ్ళు, పిల్లల్ని చంకనెత్తుకున్నవాళ్ళు. అరుగు మీద ఆయన బూట్లు అలాగే ఉన్నాయి. ఒకదాని తాడు కట్టి ఉంది, రెండోదానిది లేదు. ఆయన్ని చూసి దండం పెట్టాను. ఏదో ఒకటి అనాలనిపించింది, ఇన్నేళ్ళ పోట్లాట మధ్యలో ఇలా ఆపేస్తే ఎలాగండీ అని. ఏడుపు అప్పుడొచ్చింది. ఆగలేదు.

ఆయన భార్య నన్ను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నా ఒళ్ళో మూట చూశారు. "తిరిగిచ్చీడానికి తెచ్చినారా అమ్మా?" అన్నారు. నేను ఏ అబద్ధం చెబుదామా అని చూస్తుంటే, ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు. "మా ఇంటాయన ఎప్పుడో సెప్పినారు. మేడమ్ ఒకరోజు కప్పట్టుకుని వస్తాది, వస్తే టీ ఇచ్చి కూకోబెట్టు, కప్పు మాత్రం నువ్వు అందుకోకు అని. ఇయ్యాల టీ కూడా ఇవ్వలేకపోతన్నాను."

చూశారా. పోయాక కూడా నా మాట నెగ్గనివ్వలేదు.

సాయంత్రం అన్నీ అయ్యాక రాజాం బస్సెక్కాం. పైడితల్లి, ఇప్పటి జట్టు పిల్లలు, నేను. కప్పు చుట్టిన దుప్పటి ఎక్కడ జారిపోయిందో మరి, మళ్ళీ బస్సు బస్సంతా దాన్నే చూస్తోంది. వెనక సీట్లోంచి ఎవరో ఏటి గెలిసినారమ్మా అని అడిగారు. ఫుట్‌బాల్, మా ఆడపిల్లలు అని చెప్పాను. ఇప్పుడు ఎక్కడికి పట్టుకుపోతున్నారంటే, మా ఇంటికి అన్నాను. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కాసేపటికి కెప్టెన్ పిల్ల భయం భయంగా నా పక్కకి వచ్చి, వచ్చే వారం పోటీలకి బండి ఎన్నింటికి మేడమ్ అని అడిగింది. నాకు మాత్రం ఏం తెలుసు? మీరంతా వచ్చేశాక బండి వస్తుంది అన్నాను. అనేశాక గానీ అది ఎవరి మాటో నాకు గుర్తు రాలేదు.

పైడితల్లి కిటికీ పక్కన కూర్చుని ఉంది. నా వైపు చూసి లేచి నిలబడింది.

"మీరు ఇటు రండి మేడమ్," అంది. "కిటికీ కాడ కూకోండి."

జరిగి కూర్చున్నాను. గాలికి కప్పు మూత గలగలమంటోంది. దాన్ని అరచేత్తో అదిమి పట్టుకుని, రాజాం వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాను.